చిన్నభాషలో వ్రాయుట వ్యర్థమా?

“పట్టుమని పదివేలమంది చదువని భాషలో గ్రంథములు వ్రాయుట బూడిదలో పోసిన పన్నీరు” అని విద్యావంతులలో పెక్కురు పలుకుచుందురు. ఈ మాట లోకానుభవము పండినవారి మాటవలె వినబడును. దీనిని విన్నవారు తల యూచెదరేగాని, ఇది సత్యమా యని యడుగరు. మేమీ మాటను ఖండింప నుద్దేశించితిమి. ఒట్టి తర్కముతో ఖండించినచో ప్రతివాదులు తర్కముతోనే తప్పించుకొందురు. కావున నొక మనుష్యుని జీవితమును సాక్ష్యముగా దెచ్చి చదువరుల యెదుట నిలుపుచున్నాము.

ఆ మనుష్యుని పేరు క్రిస్టియన్ మాత్రాస్. ఆయన కవి, నిఘంటుకారుడు, సాహిత్యచరిత్రకారుడు, విమర్శకుడు. 1900 సంవత్సరము డిసెంబరు 7వ తేదిని జన్మించి 1988 సంవత్సరమున గతించెను. ఆయన కవిత్వము చెప్పిన భాష ఫేరో దీవుల భాష. ఆయన పుట్టిననాటికి ఆ దీవుల జనసంఖ్య సుమారు పదునైదు వేలు. మన తిరునాళ్ళలో నొక్కపూట గుమిగూడు జనము అంతకంటె హెచ్చుగా నుండును. అట్టి భాషకొఱకు ఒక మేధావి యెనుబదియేడేండ్ల యాయువును ధారవోసినాడు. ఇది వ్యర్థమా? సార్థకమా? ఇదియే మా ప్రశ్న.

మొదట నా దేశస్థితిని తెలిసికొనవలెను. ఫేరో దీవులు ఉత్తర అట్లాంటికు సముద్రమున, స్కాట్లండునకును ఐసులండునకును నడుమ నున్నవి. ద్వీపములు పదునెనిమిది; అన్నియు గలిసి సుమారు 1,400 చదరపు కిలోమీటర్లు. చెట్లు మిక్కిలి తక్కువ. గాలి, వాన, మంచు మిక్కిలి యెక్కువ. గొఱ్ఱెలు, చేపలు, సముద్రపక్షులు తరతరములుగా నచటివారికి జీవనాధారములు. పూర్వము నార్వేనుండి వలసవచ్చినవారు తమతో గొనివచ్చిన భాషయే కాలక్రమమున ఫేరోభాష యైనది. పిదప నా దీవులు డెన్మార్కు రాజుల యేలుబడిలోనికి వచ్చినవి. పదునాఱవ శతాబ్దమున క్రైస్తవ మతసంస్కారము జరిగి లాటిను ప్రార్థనలు తొలగిపోగా, వాని స్థానమున ప్రజలభాష రాలేదు. ప్రభువులభాషయైన డేనిషు వచ్చినది. దేవుని ప్రార్థించుటకు డేనిషు. న్యాయస్థానమున మొఱపెట్టుకొనుటకు డేనిషు. పత్రము వ్రాసికొనుటకు డేనిషు. ఫేరోభాషకు మిగిలినది ఇల్లొక్కటియే.

ఇల్లు మిగిలినది గనుకనే భాష మిగిలినది. చలికాలపు దీర్ఘరాత్రులయందు కుటుంబమంతయు పొయ్యిగల పెద్దగదిలో జేరెడిది. స్త్రీలును పురుషులును ఉన్ని యేకుచు, వడుకుచు, అల్లుచు, పూర్వకథలు చెప్పుకొనెడివారు. దీర్ఘములైన కథాగేయములు పాడుకొనెడివారు. పండుగలలో చేయి చేయి పట్టుకొని వలయముగా నిలిచి, వాద్యము లేకయే, అడుగుల చప్పుడే తాళముగా నా గేయములను ఆడి పాడెడివారు. మన పల్నాటి వీరకథ పాడువారి కంఠములలో నెట్లు నిలిచెనో, అచట సిగర్డు మొదలగు ప్రాచీనవీరుల కథలట్లే నిలిచినవి. బడిలేదు, పుస్తకము లేదు, ప్రభుత్వసాహాయ్యము లేదు. అయినను వందలకొలది చరణముల గేయములు తల్లినుండి బిడ్డకు, తాతనుండి మనుమనికి సంక్రమించినవి. గృహమును మించిన విద్యాలయము లేదని సంస్కారవాదులమైన మనము చెప్పుచుందుము గదా. ఫేరోభాష యందుకు ప్రత్యక్షనిదర్శనము.

కాని యింటిలో నున్న ధనమును ఇంటివారే గుర్తింపరు. పెరటిచెట్టు మందునకు రాదు. పదునెనిమిదవ శతాబ్దమున యెన్స్ క్రిస్టియన్ స్వాబో యను ఫేరో విద్వాంసుడు దీవులన్నియు దిరిగి 1781, 1782 సంవత్సరములలో గేయములను సేకరించెను. పదములను గూర్చి నిఘంటువు వ్రాసెను. ఇంత చేసినవాడే, ఈ భాష చెడిపోయినది, ఇక బ్రదుకదు, దీనిని విడిచి డేనిషు మాటలాడుటయే మేలని తలచెను! అనగా నాతడు చేసిన సేకరణము మరణశయ్యమీదనున్నవారి చిత్రమును గీయించి పెట్టుకొనుట వంటిది. 1824 సంవత్సరమున ఆయన మరణించెను. ఆయన వ్రాతప్రతులు అచ్చుకాక పడియుండినవి. తొలిసారిగా ఫేరోగేయములను పుస్తకరూపమున ప్రకటించినవాడు లుంగ్‌బీ యను డేనిషు వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన సముద్రపు నాచులను పరీక్షింప నా దీవులకు వచ్చి, నాచులతోపాటు గేయములను గూడ గైకొనిపోయి 1822 సంవత్సరమున నచ్చువేయించెను. స్వదేశపు పండితుడు చనిపోవునని నిరాశపడినదానిలో పరదేశపు నాచుల పరీక్షకుడు జీవమును గనుగొనినాడు! సొంతభాషను గూర్చిన చిన్నచూపు మనుష్యుని కన్నులనెట్లు గప్పునో చూడుడు.

1846 సంవత్సరమున హామర్స్‌హైంబు అను మతాచార్యుడు ఫేరోభాషకు వర్ణక్రమము నేర్పఱచెను. ఆయన ఉచ్చారణము ననుసరింపక వ్యుత్పత్తి ననుసరించెను. పలుకబడని యక్షరములను గూడ పూర్వరూపము తెలియుటకై యుంచెను. దానిచే పిల్లలకు చదువు కొంత కష్టమైనదిగాని, ఇది డేనిషుయొక్క అపభ్రంశము కాదు, ప్రాచీన నార్వేభాషకు బిడ్డ, ఐసులండుభాషకు తోబుట్టువు అని వ్రాతచూచినంతనే లోకమునకు దెలిసినది. 1888 సంవత్సరమున క్రిస్మసు మఱునాడు టోర్స్‌హావను పట్టణమున సభజరిగి, భాషాసంరక్షణోద్యమ మారంభమయ్యెను. 1899 లో జానపద పాఠశాల యొకటి స్వభాషయందు బోధింప మొదలిడెను. అయినను పాలకులు వెనుదీయలేదు. 1912 సంవత్సరపు నిబంధనము పాఠశాలలలో బోధనభాష డేనిషే కావలెనని శాసించెను. మాత్రాస్ అప్పటికి పండ్రెండేండ్లవాడు. ఇంటిలో నొకభాష, బడిలో నొకభాష, ప్రేమకొకభాష, పరీక్షకొకభాష. ఈ స్థితి మన చదువరులకు విప్పిచెప్ప నక్కఱలేదనుకొందుము.

మాత్రాస్ జన్మించిన గ్రామము వియరాయి. అది దీవులన్నిటిలో నుత్తరదిక్కున చిట్టచివరి పల్లె. దాని కావల 754 మీటర్ల యెత్తున సముద్రములోనికి నిట్టనిలువుగా దిగు కొండచఱియ, దానికావల సముద్రమే. అట్టి పల్లెనుండి చదువునకై టోర్స్‌హావను చేరిన యీ బాలునికి అచట నిరువురు మిత్రులు లభించిరి: విలియం హైనెసెన్, యోర్గెన్ ఫ్రాంజ్ యాకబ్సెన్. మువ్వురును 1900 సంవత్సరముననే జన్మించినవారు. మువ్వురును సాహిత్యమున బేరొందినవారు. వీరిలో హైనెసెనును యాకబ్సెనును డేనిషులో వ్రాసిరి. మాత్రాస్ మాత్రము ఫేరోభాషలో కవిత్వము చెప్పెను. ఆయనకు డేనిషు రాకపోలేదు. డెన్మార్కునందే యున్నతవిద్య నభ్యసించి, కోపెన్‌హాగెను విశ్వవిద్యాలయమున ఉత్తరదేశభాషాశాస్త్రమును చదివి, డేనిషున పాండిత్యగ్రంథములు వ్రాసిన వాడు. డేనిషులో కవిత్వము చెప్పియుండిన నెన్నిరెట్ల పాఠకులు దొరకియుందురో ఆయనకు దెలియనిది కాదు. తెలిసియు విడిచినాడు. వివాదమంతయు నిచటనే యున్నది.

ప్రతివాదుల మొదటి యాక్షేపము సంఖ్యనుగూర్చినది. “పదునైదువేలమందికి సాహిత్యమేల?” అని వారందురు. మేమడుగుచున్నాము: ఒక భాషకు యోగ్యతనిచ్చు సంఖ్య యెంత? పదివేలు చాలకున్న లక్ష చాలునా? లక్ష చాలకున్న కోటి చాలునా? ఆ గీటును గీచినవారెవరు? 1900 సంవత్సరమున డెన్మార్కు జనసంఖ్యయే సుమారు ఇరువదియైదు లక్షలు. ఫేరోవారిని జూచి డేనిషువారన్న మాటను, డేనిషువారిని జూచి జర్మనులనినచో డేనిషువారు సహింతురా? జర్మనులను జూచి ఆంగ్లేయులనినచో జర్మనులు సహింతురా? సంఖ్యయే ప్రమాణమైనచో లోకమున నొక్కభాష తక్క తక్కినవన్నియు క్రమక్రమముగా నోరు మూసికొనవలసినదే. ఆకలి పదునైదువేలమందికిని కోటిమందికిని ఒక్కతీరుననే యగును. దుఃఖమును, ప్రేమను, భయమును, భక్తిని తన నోటిమాటలలో వినవలెనను కోరికయు నట్టి యాకలియే. జనము తక్కువయైన గ్రామమున బావి యక్కఱలేదనువా డెవడు?

మాత్రాస్ ఈ యాక్షేపమునకు వాదముతో గాక పనితో బదులు చెప్పినాడు. చదువు ముగియకముందే, టోర్స్‌హావను గ్రంథాలయాధికారియైన మాస్ ఆండ్రెయాస్ యాకబ్సెనుతో గలిసి ఫేరో–డేనిషు నిఘంటువును కూర్చి 1927, 1928 సంవత్సరములలో ప్రకటించెను. నిఘంటువు లేని భాషను “మాండలికము” అని త్రోసివేయుట సులభము. నిఘంటువు చేతికి వచ్చినపిదప నట్లు త్రోయుటకు సిగ్గుపడవలెను. తరువాత తన జన్మస్థానమైన యుత్తరద్వీపముల స్థలనామములను పరిశోధించి 1933 సంవత్సరమున డాక్టరు పట్టమును బడసెను. ఇదేమి గొప్ప విషయమని కొందఱు నవ్వవచ్చును. ఆ దీవులలో ప్రతి బండకు, ప్రతి వాగునకు, ప్రతి గొఱ్ఱెలదారికి పేరున్నది. పాలకుల పత్రములలోను పటములలోను ఊళ్ళపేర్లు డేనిషు వేషము వేసికొనియుండెడివి. తన యూరిపేరును తన నోటితో పలికినట్లు కాగితముపై జూడలేనివాడు తన యూరిలోనే పరాయివాడు. ఆ పేళ్ళ వ్యుత్పత్తిని శోధించుట, కొండకు కొండపేరును, గోపరికి వాని తాతలు నడచిన దారిని మరల నప్పగించుటయే.

రెండవ యాక్షేపము మఱింత పదునైనది. “వారికి సాహిత్యమెక్కడిది? సాహిత్యము లేనిచోట విమర్శకునికేమి పని?” ఈ ప్రశ్నకు బలమున్నదని మే మొప్పుకొందుము. లెక్క చూడుడు. ఫేరోభాషలో తొలి నవల, రెయిన్ ఈ లీ యను మాఱుపేరుతో రాస్మస్ రాస్ముసెన్ వ్రాసినది, 1909 సంవత్సరమున వెలువడెను. ఒక్క కవి రచించిన పద్యముల తొలి సంపుటము, యూర్‌హూస్ కవిది, 1914 సంవత్సరమున వెలువడెను. మాత్రాస్ తన “ఫేరో సాహిత్యచరిత్ర” యను చిన్న పుస్తకమును ప్రకటించినది 1935 సంవత్సరమున. తొలినవల పుట్టి ఇరువదియాఱేండ్లు! ఉయ్యెలలో నున్న శిశువునకు జీవితచరిత్ర వ్రాసినట్లు లేదా యని పరిహసించుట కిదియే యదను.

ఈ పరిహాసము సాహిత్యమనగా అచ్చుపుస్తకమేయని నమ్మినవారిది. అచ్చుకాకముందు పొయ్యిచుట్టు గూర్చుండి పాడుకొనిన గేయము సాహిత్యము కాదా? అదియు సాహిత్యమైనచో ఫేరోసాహిత్యము వయస్సు ఇరువదియాఱేండ్లు కాదు, శతాబ్దములు. విమర్శకుడు చేసిన పని యిదియే. చెదరిపోయిన కథాగేయములను, వ్రాతప్రతులను సేకరించినవారి శ్రమను, కోపెన్‌హాగెనున చదువుకొనుచు దేశమును దలంచుకొని విద్యార్థులు కట్టిన పాటలను, నూతనకవులను, నవలాకారులను ఒక్క త్రాటిపై గ్రుచ్చి, “ఇది మీ సాహిత్యము, దీనికి పూర్వమున్నది, పరమున్నది” అని జనులకు జూపినాడు. పూసలు ఇంటింట నున్నంతకాలము హారము లేదు. గ్రుచ్చినవాడు పూసలను సృజింపలేదు. అయినను వాడు లేనిదే హారము లేదు. సాహిత్యము పెరిగినపిదపనే విమర్శకుడు పుట్టవలెననుట, పంట పండినపిదపనే పొలమునకు గట్టు వేయవలె ననుటయే.

ఇచట మఱియొక సందేహము గలదు. చిన్నసమాజమున విమర్శ సాధ్యమా? వ్రాసినవాడు బంధువు, చదువువాడు పొరుగువాడు. నిజము చెప్పిన వైరము, చెప్పకున్న భట్రాజుపొగడ్త. స్వభాషాభిమానము పెరిగినకొలది ఈ పొగడ్తయు పెరుగును: మన భాషలో వ్రాసినాడు గావున మంచికవి యను తీర్పు వచ్చును. ఇది చిన్నభాషలకు శత్రువు చేయు హానికంటె మిత్రులు చేయు హాని. దీనికి మందు కొలమానము. ప్రాచీనగేయములు ప్రాణముతో నెదుటనున్నప్పుడు నూతనకవి దేశభక్తి నొకదానినే చూపి గెలువజాలడు. తాతల పాటతో తన పాటను బోల్చుకొనవలసి వచ్చును. సాహిత్యచరిత్ర లేనిచోట ప్రతివాడును ఆదికవియే. చరిత్ర యున్నచోట ప్రతివాడును తన స్థానమును తెలిసికొనును. మాత్రాస్ ఆ కొలమానమును నిర్మించుటకే జీవితమున గొప్పభాగమును వెచ్చించెను. గ్రుంట్విగు, బ్లోకు అను డేనిషు పండితులు 1872 మొదలు కూర్చి వ్రాతప్రతులలో నుంచిన రెండువందలకు పైబడిన కథాగేయముల మహాసంపుటములను, నపోలియన్ యూర్‌హూసుతో గలిసి పరిష్కరించి అచ్చొత్తింప నుద్యమించెను. ఆ ముద్రణము 1941 నుండి 1972 వఱకు సాగి ఆఱు సంపుటములలో బూర్తియయ్యెను. ముప్పదియొక్కయేండ్లు! సభలో నుపన్యసించి దండలు వేయించుకొనుటకు ఒక్క సాయంకాలము చాలును. భాషాసేవ యనగా ఈ రెంటిలో నేదియో చదువరులే తేల్చుకొందురుగాక.

కవిగా నాయన రచించిన సంపుటములు పెక్కు లేవు. 1926 సంవత్సరమున మొదటిది. 1933 సంవత్సరమున “లోకము, ఇల్లు” అని యర్థమిచ్చు పేరుతో రెండవది. 1940 సంవత్సరమున “ఆట, మర్మము” అను నర్థము గలది. వార్ధకమునను ఆయన కలము నిలువలేదు. 1978 సంవత్సరమున మఱియొకటి. ఆయన పద్యములు పొట్టివి, పొదుపైనవి. తన పల్లె, సముద్రము, కాలము, గతించిన తరములు ఆయన వస్తువులు. రెండవ సంపుటము పేరులోనే ఆయన జీవితసారమున్నదని మేము తలంతుము. లోకమును వదలి యింటిలో దాగినవాడు కాడు. ఇంటిని వదలి లోకములో కలిసిపోయినవాడును కాడు. యౌవనమునుండి సుమారు నలుబదియేండ్లు డెన్మార్కు రాజధానియం దుండియు, ఉత్తరపు చిట్టచివరి పల్లె మాటలతోనే ఆ పల్లెను చిత్రించినాడు. దూరము ఆయన నాలుకను మార్చలేదు, చూపును తేటపఱచినది.

మూడవ యాక్షేపము కీర్తిని గూర్చినది. “మిత్రులిరువురును డేనిషులో వ్రాసి లోకప్రసిద్ధులైరి, మాత్రాసును దేశాంతరమున నెవరెఱుగుదురు?” అని యందురు. నిజమే. యాకబ్సెన్ వ్రాసిన “బార్బారా” నవల ఆయన మరణానంతరము 1939 సంవత్సరమున ప్రకటింపబడి పెక్కుభాషలలోనికి బోయినది. హైనెసెన్ 1965 సంవత్సరమున ఉత్తరదేశముల సాహిత్యబహుమానమును పొందెను. వారి ప్రతిభను తగ్గించుట మా యుద్దేశము కాదు. ఫేరోజీవితమును లోకమునకు జూపినవారు వారు. కాని యీ యాక్షేపమునకు సమాధానమును మేము చెప్పనక్కఱలేదు; హైనెసెనే చెప్పియున్నాడు. 1981 సంవత్సరమున ఆయనకు నోబెలు బహుమానము రావచ్చునని వాడుక పుట్టినప్పుడు, ఆయన స్వీడిషు అకాడమీకి లేఖ వ్రాసి తన పేరును ఉపసంహరించుకొనెను. ఒకప్పుడు చిన్నచూపు చూడబడిన ఫేరోభాష స్వయముగా సాహిత్యమును నిర్మించుకొనినది. ఈ దశలో డేనిషులో వ్రాయు ఫేరో రచయితకు బహుమానమిచ్చినచో ఆ భాషకొఱకు జరిగిన కృషికి దెబ్బ తగులును అనునది ఆయన చెప్పిన కారణముయొక్క భావము. ప్రపంచమున నున్నతమైన సాహిత్యగౌరవమును చేజేతుల విడిచినవాడు, తాను వ్రాయని భాషకొఱకు విడిచినాడు! చిన్నభాషలో వ్రాయుట వ్యర్థమనువారు పెద్దభాషలో వ్రాసి గెలిచిన యీ మహాకవి సాక్ష్యమును త్రోసిపుచ్చగలరా? మాత్రాస్ మొదలగువారు పునాదిలో పడిన ఱాళ్ళు. గోపురమును జూచినవాడు పునాదిని జూడడు. గోపురమే పునాదికి నమస్కరించిన సన్నివేశమిది.

నాలుగవ యాక్షేపము సంకుచితత్వమును గూర్చినది. స్వభాషాభిమానము పరభాషాద్వేషముగా మాఱునని కొందఱు సంస్కర్తలు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. కాని మాత్రాస్ జీవితమున ద్వేషమునకు దావు లేదు. ఆయన సిద్ధాంతగ్రంథము డేనిషులో నున్నది; నిఘంటువు డేనిషు చదువరిని ఫేరోభాషకు దారితీయును. 1936 మొదలు కోపెన్‌హాగెను విశ్వవిద్యాలయముననే అధ్యాపకుడై, 1952 సంవత్సరమున ఆచార్యపదవి నధిష్ఠించెను. ఆ విశ్వవిద్యాలయమున నాచార్యుడైన మొదటి ఫేరోదేశీయుడు ఆయనయే. ఏ భాష ఫేరోభాషను బడినుండి వెడలగొట్టెనో, ఆ భాషయొక్క రాజధానియందే ఫేరోభాష కొక పీఠము సంపాదించినాడు. పెద్దభాషను పనిముట్టుగా వాడుకొనుట వివేకము; సింహాసనమిచ్చి కాళ్ళు పట్టుట దాస్యము.

1965 సంవత్సరమున టోర్స్‌హావనులో ఫేరో విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు, ఆయన యఱువదియైదేండ్ల వయస్సున రాజధానిని విడిచి స్వదేశమునకు మరలివచ్చి ఫేరోభాషాశాఖకు నాయకుడయ్యెను. అప్పుడు చేసిన పనులలో నొకటి మమ్ము మిక్కిలి కదలించినది. ఈ భాష చచ్చుచున్నదని నమ్మి స్వాబో కూర్చిన నిఘంటువు నూటయేబదియేండ్లకు పైగా వ్రాతప్రతులలో బడియుండెను. దానిని మాత్రాస్ పరిష్కరించి 1966 మొదలు 1970 లోపల అచ్చొత్తించెను. చావుకు ఏర్పాటుగా కూర్చిన పదములు, ఆ భాషయందే పాఠములు చెప్పు విశ్వవిద్యాలయమున విద్యార్థుల చేతికి వచ్చినవి. స్వాబోకు దీనికంటె మర్యాదగల ఖండనమును చేయజాలము.

ఫలమేమి? 1938 సంవత్సరమున పాఠశాలలలో ఫేరోభాషకు డేనిషుతో సమానస్థానము లభించెను. మఱుసటియేట దేవాలయములలోను లభించెను. 1948 సంవత్సరపు స్వపరిపాలనశాసనము ఫేరోభాషను ప్రధానభాషగా నంగీకరించి, డేనిషునుగూడ చక్కగా నేర్పవలెనని విధించెను. నేడా దీవుల జనసంఖ్య ఏబదివేలు దాటినది. బడి, గుడి, పత్రిక, శాసనసభ, అన్నిట నా భాష వ్యవహరింపబడుచున్నది. ఇదంతయు నొక్క మాత్రాస్ మహిమయని చెప్పుట అసత్యము. 1888 నాటి సభవారు, ఉపాధ్యాయులు, పత్రికాధిపతులు, రాజకీయనాయకులు, మత్స్యవ్యాపారమువలన వచ్చిన కలిమి, చదువు వచ్చిన ప్రజ, అన్నియు గలిసినవి. కాని శాసనము హక్కునిచ్చునేగాని పదమునీయదు. భాషకు తలుపు తెఱువబడిననాడు లోన నడుగుపెట్టుటకు నిఘంటువు, చరిత్ర, పరిష్కృతగ్రంథములు, కవిత్వము సిద్ధముగా నుండవలెను. వానిని ముందుగా సిద్ధపఱచినవారి ఋణము శాసనకర్తల ఋణముకంటె తక్కువది కాదు.

ఇక మన మాట. 2011 జనాభాలెక్కలలో తెలుగు మాతృభాషగా జెప్పుకొన్నవారు ఎనిమిదికోట్లకు పైబడిరి. సంఖ్యయే భాషకు రక్షయైనచో మనము నిశ్చింతగా నిదురింపవచ్చును. కాని తెలుగుమాట నోటినుండి వచ్చిన బిడ్డను అతిథుల యెదుట గ్రుడ్లురిమి చూచు తల్లిదండ్రులు గల యిండ్లు కొల్లలుగా నుండగా, ఎనిమిదికోట్ల సంఖ్య యెవరిని రక్షించును? ఫేరోభాషను పదునైదువేలమంది యింటిలో నిలుపుకొనిరి. ఇంటినుండి వెడలగొట్టబడిన భాషను విశ్వవిద్యాలయములును నిలుపజాలవు.

దీనికంటె కఠినమైన మాట యొకటి చెప్పవలసియున్నది. ఆంగ్లము మనపై స్వారి చేయుచున్నదని మొఱపెట్టు తెలుగువారు, తమ సరిహద్దులలోనే యున్న సవర, కోయ, గోండు, కువి మొదలగు భాషలవారిపట్ల ఏ స్థానమున నున్నారు? సవర బాలుడు బడిలో నడుగిడినప్పుడు వానికి వినబడు పరాయిభాష తెలుగే. ఆ చోట మనము ఫేరోవారము కాము, డేనిషువారము. “పట్టుమని కొన్నివేలమంది భాషకు బడియేల, పుస్తకమేల?” అను మాట తెలుగునోట వచ్చినప్పుడు, అది కోపెన్‌హాగెను అధికారుల నోట వచ్చిన మాటయే. మాతృభాషలో ప్రాథమికవిద్య యొసగుటకు తగిన వసతులు కల్పింపవలెనని 1956 సంవత్సరమున మన రాజ్యాంగమున చేర్చిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. అధికరణము కాగితముపై నున్నది. దానికి ప్రాణము పోయువారు కావలెను.

అట్టివారు మనలో పుట్టకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలలోని సవరల భాషను నేర్చి, వారికొఱకు పాఠపుస్తకములు వ్రాసి, సొంతధనముతో బడులు నడిపిరి. వారి సవరభాషా వ్యాకరణబోధిని 1931 సంవత్సరమునను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938 సంవత్సరమునను వెలువడినవి. మాత్రాస్ తన భాషకు జేసిన పనిని పంతులుగారు తమది కాని భాషకు జేసిరి. గ్రాంథిక వ్యావహారిక వివాదమున వారి పక్షము వహించినవారును, ఎదిర్చినవారును వారినేటేట స్మరించుచున్నారు. సవరలకొఱకు వారుపడిన శ్రమను స్మరించువారు వ్రేళ్ళమీద లెక్కింపదగియున్నారు. పూలమాల వేసి పనిని మఱచుట మనకు బాగుగ నలవడిన విద్య.

చదువరులారా! చిన్నభాషలో వ్రాయుట వ్యర్థమా యను ప్రశ్నకు మా యుత్తరమిది. వ్రాతవలన గాక నిర్లక్ష్యమువలననే భాషకు వ్యర్థత వచ్చును. మీ యింట ముసలివారి నోటనున్న పాటలను, సామెతలను, వంటయింటి మాటలను, పొలముల పేళ్ళను ఈ యేడు వ్రాసిపెట్టుడు. మీ బిడ్డను మీ మాటతో గద్దింపుడు, లాలింపుడు, ఆ మాటలోనే చదివింపుడు. మీ యూరి బడిలో సవరబిడ్డయో కోయబిడ్డయో యున్నచో, వాని మాటలు పది నేర్చుకొని వానిని పలుకరింపుడని యుపాధ్యాయునికి జెప్పుడు. ఇవి చిన్నపనులు. మాత్రాస్ చేసినవియు నిట్టి చిన్నపనులే: ఒక పదము, ఒక పేరు, ఒక చరణము. ఆయన వానిని అఱువదియేండ్లు మానక చేసినాడు.